దారి తప్పే ఆట

సత్తువాచ్చారి, వేలూరు
2003 ఆగస్టు

శివాయ నమః

జెసింతాకు ఇందుమతి రాసేది. నువ్వు, నీ తమ్ముడు సామ్యుల్, నీ హాస్టల్ పిల్లలు బాగున్నారని తలుస్తాను. ఫోను ఉండగా ఉత్తరం ఎందుకు అనుకుంటావు. మా ఫోను కింద అంగట్లో ఉంది, మా అబ్బాయి ప్రభాకరన్ కుర్చీ పక్కన. అక్కడ నిలబడి మనసులోది ఎట్లా చెప్పేది? వాడు తెలుగు మాట్లాడతాడే గాని అక్షరం చదవలేడు. కోడలు మోనిషకూ రాదు. గుడియాత్తం బడిలో మన తెలుగు టీచరమ్మ చెవి మెలిపెట్టి నేర్పిన అక్షరాలు ఈ వయసులో ఇట్లా పనికొస్తున్నాయి. ఉత్తరం బల్ల మీద తెరిచి పెట్టి స్నానానికి పోయినా నాకు భయం లేదు.

మా ఆయన రెండో ఏటి తిథి అయిన మరుసటి వారమే ప్రభాకరన్ వచ్చి నన్ను ఇక్కడికి తీసుకొచ్చాడని నీకు తెలుసు. పైన ఇల్లు, కింద వాడి అంగడి. వరసగా కంప్యూటర్లు పెట్టి కాలేజీ పిల్లలకు గంటల లెక్కన ఆటలు ఆడుకోనిస్తాడు. నాకు ఇక్కడ తక్కువేమీ లేదు. కోడలు మంచిది. అయినా వచ్చిన రెండో వారంలోనే ఒక తప్పు చేశాను, ఆ సంగతి నీకు చెప్పాలి.

ఒక సోమవారం టౌన్ బస్సెక్కి ఒంటరిగా కోటలో గుడికి పోయాను. దర్శనం బాగా అయింది. తిరిగొచ్చేటప్పుడు తప్పిపోయాను. మేస్త్రి పెళ్లాన్ని గదా, నాకు దారి గుర్తు అంటే కట్టడమే. ఆయన బ్రతికినన్నాళ్లూ ఏ చోటు చెప్పినా "ఫలానా వాళ్ల మిద్దె దాటి" అనే చెప్పేవాడు. పోయేటప్పుడు చూశాను, మా వీధి మలుపులో ఒక మిద్దె లేస్తోంది, దాని మీద దిష్టిబొమ్మ కట్టారు. బూడిదగుమ్మడికాయ తల, బొగ్గు మీసం, చిరిగిన చొక్కా. బొమ్మ దగ్గర ఎడమ చేతికి తిరగాలి అని మనసులో పెట్టుకున్నాను. వచ్చి చూస్తే ప్రతి వీధి మొదట్లోనూ ఒక మిద్దె లేస్తోంది, ప్రతి మిద్దె మీదా ఒక మీసాలవాడు. ఇప్పుడు బ్యాంకుల వాళ్లే పిలిచి అప్పులిస్తున్నారట, సత్తువాచ్చారి అంతా కడుతూనే ఉన్నారు జెసింతా. నేను బొమ్మ కనిపించినప్పుడల్లా ఎడమకు తిరిగి, చివరికి కొండ కింద రాళ్లు కొట్టే చోట తేలాను.

దీపాలు పెట్టే వేళ దాటాక ప్రభాకరన్ స్కూటరు మీద వచ్చి పట్టుకున్నాడు. "యాడికి పోయినావు మా? ఊరంతా వెతికినాను. ఇంకమీద ఒంటిగా యాడికీ పోవద్దు. ఏం కావాల్నో చెప్పు, నేను తీసుకోని పోతా" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

అప్పటినుంచి ఆదివారం ఆదివారం వాడి స్కూటరు వెనక కూర్చుని గుడికి పోతున్నాను. దేవుడు అక్కడే ఉన్నాడు, దర్శనమూ అవుతోంది. కానీ నాకు కావలసింది అది కాదు. ఒక ప్రదోషం నాడు నా అంతట నేను కోటకు పోయి, నా అంతట నేను ఇల్లు చేరాలి. ఈ ఏడు లోపల అది చేయకపోతే ఇక ఎప్పటికీ చేయలేనని నాకు తెలుసు. అలవాటు అట్లాంటిది. పనిముట్టు వాడకపోతే తుప్పు పడుతుందని ఆయన అనేవాడు.

ఇంకో సంగతి, నవ్వకు. పొద్దున అంగడి తెరవకముందు నేను కింద ఊడ్చి, కంప్యూటర్లకు బొట్టు పెట్టి, సాంబ్రాణి చూపిస్తాను. నిన్న మోనిష, "అత్తా, ఊరికే కూర్చోనుంటారే, రాండి ఒక ఆట చూపిస్తా" అని కుర్చీలో కూర్చోబెట్టింది. తెరలో ఒక పెద్ద ఊరు. సముద్రం, వంతెన, మిద్దెలు, మనుషులు. అందులో ఒక మనిషి మన చెప్పుచేతల్లో ఉంటాడు. "దీన్ని ఓపెన్ వరల్డ్ అంటారు అత్తా. యాడికన్నా పోవచ్చు, ఎవురూ ఏమీ అనరు" అంది.

"ఎవురూ ఏమీ అనరా?" అని రెండుసార్లు అడిగాను.

నీ ఇందు


గుడియాత్తం
2003 ఆగస్టు చివర

ఇందూ,

నవ్వకు అన్నావు కాబట్టి నవ్వాను. హాస్టల్ వంటమనిషి కన్నియమ్మ పరిగెత్తుకొచ్చి, "ఏమైందిమా వార్డెనమ్మా, పొరపోయిందా?" అని వీపు తట్టింది. దిష్టిబొమ్మలను నమ్మి దారి నడిచిన మనిషిని నేనింతవరకు చూడలేదు. బడిలో కూడా నువ్వు అంతే. మేడ మీది తరగతికి పోవడానికి నా జడ పట్టుకుని నడిచేదానివి.

నువ్వు రాసిన ఆట ఏమిటో చూద్దామని సామ్యుల్ బ్రౌజింగ్ సెంటర్‌కు పోయాను. వాడి దగ్గరా ఉంది. "అక్కా, నీకెందుకు ఈ రౌడీ ఆట?" అన్నాడు. "వార్డెన్ కన్నా పెద్ద రౌడీ ఎవుర్రా, పెట్టరా" అన్నాను. కూర్చున్నాను. నాకు నచ్చలేదు ఇందూ. ఉన్నమాట చెప్తున్నాను. ఆ మనిషి నడిరోడ్డు మీద నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. ఏం చేయాలో ఎవరూ చెప్పరు. ఒక దొర ఫోను చేసి ఎవరి కారో దొంగిలించుకుని రమ్మన్నాడు. పది ఆజ్ఞల్లో ఒకటి అప్పుడే పోయింది. నేను పోనన్నాను. పోకపోతే ఇంకేం ఉంది? ఊరికే నిలబడాలి. ఊరికే నిలబడటానికి గంటకు డబ్బులెందుకు, మా హాస్టల్ గేటు దగ్గర ఊరికే నిలబడొచ్చు.

తర్వాత సామ్యుల్ ఇంకో ఆట పెట్టాడు. పైనుంచి ఇటుకలు పడుతుంటాయి, సందు లేకుండా పేర్చాలి. అది ఆట. వరస నిండితే మాయమైపోతుంది, ఈ స్టేజీ అయింది, పో తల్లీ, అన్నం వండుకో అంటుంది. పనికి మొదలు ఉండాలి, తుద ఉండాలి. నీ ఓపెన్ వరల్డ్‌కు తుద యాడుంది? సామ్యుల్ దగ్గరికొచ్చే పిల్లలు పొద్దున కూర్చుంటే సాయంత్రానికీ లేవడం లేదు. ఎందుకు లేవడం లేదని అడిగితే, "ఇంకా అయిపోలే అక్కా" అంటారు. అయిపోయేది కాదు గదా అది.

నీ ప్రదోషం కోసం ప్రార్థన చేస్తాను. మీ దేవుడి పని నా దేవుడికి చెప్పుకోవడం మనకు కొత్తేం కాదు.

జెసింతా


సత్తువాచ్చారి
2003 సెప్టెంబరు

శివాయ నమః

జెసింతాకు,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు ఆలోచించాను. నువ్వు చెప్పింది నిజమే, ఆ దొర చెప్పే పనులు మంచివి కావు. నేను ఒక్కటీ చేయలేదు. ఆయన ఫోను మోగుతూనే ఉంటుంది, నేను తీయను. "ఆయన చెప్పింది చేస్తేనే అత్తా కథ ముందుకు పోయేది" అంటుంది మోనిష. పోకపోతే పోనీ, నాకు కథతో ఏం పని? పదహారో ఏట పెళ్లయినప్పటినుంచి ఎవరో ఒకరు పని చెబుతూనే ఉన్నారు, నేను ఒకటి ముగించి ఇంకొకటి అందుకుంటూనే ఉన్నాను. అవన్నీ స్టేజీల ఆటలే కదా జెసింతా. పని చెప్పకుండా ఊరికే నిలబడనిచ్చిన చోటు నాకు ఇదే మొదటిది. నువ్వు హాస్టల్లో పని చెప్పే మనిషివి. నీకు నచ్చకపోవడం న్యాయమే.

నేను ఎట్లా ఆడతానో చెప్తాను. కార్లు ముట్టను. నడుస్తాను. ఎర్రదీపం పడితే నిలబడతాను. మిగతా మనుషులు నిలబడరు, అది వేరే సంగతి. సముద్రం పక్కన చేపల మార్కెట్, దాని వెనక ఒక మెట్ల సందు, సందు పైన తెల్లటి గోపురం లాంటి కట్టడం. చర్చో, కచేరీనో తెలియదు. దాని చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి అప్పుడు ఊరు చూడ్డానికి బయలుదేరతాను. మోనిష, "మీరు ఆడేది ఆట కాదు అత్తా, వాకింగ్" అంటుంది.

ఒకరోజు పోలీసాయన ఎదురొచ్చాడు. పక్కకు తప్పుకుందామని ఒక మీట నొక్కాను. అది తప్పుకునే మీట కాదు, గుద్దే మీట. ఆయన కింద పడ్డాడు. సైరన్లు, తుపాకులు, పైన హెలికాప్టరు. నేను కుర్చీలోంచి లేచి చేతులు జోడించాను. మోనిష నేల మీద కూర్చుని నవ్వింది. ప్రభాకరన్ మెట్లు దిగి వచ్చి, "ఏంది మా, పొద్దున్నే పోలీసోళ్లతో నీకు గొడవ?" అన్నాడు. వాడు నవ్వడం చూసి చాలా రోజులైంది.

నచ్చనివి కూడా ఉన్నాయి. అంత పెద్ద ఊళ్లో ఇళ్లకు తలుపులు బొమ్మలే, తెరుచుకోవు. ఎవరింట్లోనూ పొయ్యి వెలగదు. ఒకే ఆడమనిషి ఎర్ర గౌనుతో మూడు వీధుల్లో మూడుసార్లు ఎదురైంది, ఒక్కసారీ పలకరించలేదు. మిద్దెలు కట్టినవాడికి పని తెలియదు. కిటికీలకు సన్‌షేడ్ లేదు, వాన పడితే నీళ్లన్నీ లోపలికే. మా ఆయన చూసి ఉంటే ఆ మేస్త్రిని చొక్కా పట్టుకునేవాడు.

ఇంకొకటి. తెర మూలలో గుండ్రంగా చిన్న పటం ఉంటుంది, అందులో ఒక బాణం గుర్తు. మొదట్లో నా కళ్లు ఆ బాణం మీదే. వారం రోజులు ఆడిన తర్వాత ఒక్క వీధి గుర్తులేదు నాకు. అందుకని నా నుదుటి స్టిక్కర్ తీసి ఆ పటం మీద అంటించాను. అప్పటినుంచి రోజూ తప్పిపోతున్నాను. తప్పిపోయిన చోట చుట్టూ చూస్తాను. ఏది ఎత్తుగా ఉందో, ఏది పల్లంగా ఉందో, ఎండ ఎటునుంచి పడుతోందో. ఇప్పుడు ఆ ఊరు నాకు మన గుడియాత్తం కన్నా బాగా తెలుసు. మంగలి అంగడి నుంచి దీపస్తంభానికి కళ్లు మూసుకుని పోతాను.

ఇందు


గుడియాత్తం
2003 అక్టోబరు

ఇందూ,

నాలుగు పేజీలు రాశావు. చేపల మార్కెట్ రాశావు, మెట్ల సందు రాశావు, మంగలి అంగడి రాశావు. అవన్నీ సామ్యుల్ దగ్గర ఉన్న ఊరు, బస్సు ఛార్జీ లేకుండా నేనూ చూడగలను. వేలూరు గురించి ఒక్క లైను లేదు. మూడు నెలలైంది నువ్వు అక్కడికి పోయి. మీ వీధి చివర ఏముందో నీకు తెలుసా?

కోపంగా రాస్తున్నానని అనుకోకు. అనుకున్నా పరవాలేదు, కొంచెం కోపమే. ఆదివారం స్కూటరు తప్ప నువ్వు గడప దాటినట్టు నాకు కనిపించడం లేదు. తెర మీద దీపస్తంభానికి కళ్లు మూసుకుని పోతే ఎవరికేం లాభం? నీకు ఆట ఎందుకు నచ్చిందో నేను చెప్తాను విను. అక్కడ తప్పిపోతే ఏమీ పోదు. లేచి ఆపేస్తే నువ్వు ఇంట్లోనే ఉంటావు. అది ధైర్యం కాదు ఇందూ, ధైర్యం రుచి మాత్రమే. ఊరగాయ నాకి అన్నం తిన్నానంటే ఎట్లా?

డిసెంబరు మొదటి వారంలో హాస్టల్ పిల్లలకు క్రిస్మస్ గౌన్ల గుడ్డ కొనడానికి వేలూరు వస్తున్నాను. శనివారం. క్యాలెండరు చూశాను, ఆ రోజు మీకు శని ప్రదోషం అట. మధ్యాహ్నం మూడింటికి కోటలో చర్చి మెట్ల మీద కూర్చుని ఉంటాను. నువ్వు ఒంటరిగా రావాలి. స్కూటరు వెనక కూర్చుని వచ్చావో, నీ ముఖం కూడా చూడకుండా తర్వాతి బస్సెక్కి గుడియాత్తం వచ్చేస్తాను. నా మొండితనం నీకు తెలుసు.

జెసింతా


సత్తువాచ్చారి
2003 అక్టోబరు

జెసింతాకు,

నువ్వు రాసింది నిజమే. మా వీధి చివర ఏముందో నాకు తెలియదు. స్కూటరు మీద కళ్లు మూసుకుంటాను, దుమ్ము అని సాకు.

ఒక్కటి మాత్రం నీకు తెలియదు. తప్పిపోయిన రోజు నాకు భయం వేయలేదు. రాళ్లు కొట్టేవాళ్లు మంచినీళ్లిచ్చారు, ఒక ముసలాయన చాప వేశాడు. పొన్నుస్వామి మేస్త్రి పెళ్లాన్ని అంటే, "ఆయనకు రాయి తోలినాను మా నేను" అన్నాడు. నేను సుఖంగానే కూర్చున్నాను. భయం ప్రభాకరన్‌ది. స్కూటరు దిగేటప్పుడు వాడి చేతులు వణుకుతున్నాయి. స్టాండు వేయడం కూడా కుదరక బండి పక్కకు పడిపోయింది. వాళ్ల నాన్న మిద్దె పనిలో సారం కట్టెల మీదినుంచి పడిన రోజు కూడా వాడు అట్లానే ఊరంతా తిరిగి ఆసుపత్రి ఆసుపత్రికీ పోయి వెతికాడు. ఆ ముఖం మళ్లీ చూడలేను.

ఆటలో నాకోసం వెతికేవాళ్లు లేరు జెసింతా. అక్కడ ధైర్యం అందుకే. నువ్వు అన్న ఊరగాయ మాట బాగుంది, కానీ కారం ఎక్కువైంది.

డిసెంబరుకు మాట ఇవ్వలేను.

ఇందు


గుడియాత్తం
2003 నవంబరు

ఇందూ,

ఆ కారం నాదే, ఒప్పుకుంటున్నాను. నీ ఉత్తరం మడిచి బైబిల్లో పెట్టి, మళ్లీ తీసి చదివి, మళ్లీ పెట్టాను.

నిన్న వాన. పిల్లలు బడి నుంచి రాలేదు. సామ్యుల్ దగ్గరికి పోయి నీ ఆట పెట్టమన్నాను. నువ్వు చెప్పినట్టే ఫోను తీయకుండా, కారు ముట్టకుండా నడిచాను. పటం మీద అంటించడానికి నా దగ్గర బొట్టు ఎక్కడుంది, గాయానికి అంటించే పట్టీ ముక్క కన్నియమ్మను అడిగి తీసుకుపోయాను. నీ మెట్ల సందు దొరకలేదు. ఇసుక ఒడ్డు దొరికింది. అక్కడ నిలబడితే సాయంత్రమైంది, ఆకాశం రంగు మారింది. సముద్రం చప్పుడు కూడా పెట్టారు. నేను కొంతసేపు ఏ పనీ లేకుండా నిలబడ్డాను. ఆట నాకు ఇంకా నచ్చలేదు. నిలబడటం మాత్రం నచ్చింది. సామ్యుల్ వచ్చి, "అక్కా, నిద్రపోయినావా?" అన్నాడు.

నాకు తోచింది చెప్తాను. నీ కొడుకు భయాన్ని దాటుకుని నువ్వు దొంగగా పోవద్దు. అట్లా పోతే వాడి చేతులు మళ్లీ వణుకుతాయి. అలాగని వాడి భయాన్ని నువ్వు కాళ్లకు కట్టుకుని కూర్చోనూ వద్దు. వాడితో చెప్పు. ఎట్లా చెప్పాలో నాకు తెలియదు, నాకు కొడుకుల్లేరు. నూటిరవై మంది ఆడపిల్లలున్నారు, వాళ్లకైతే గట్టిగా అరుస్తాను. నీకు అరవడం రాదు. నీకు వచ్చింది ఏదో చూసుకో.

మూడింటికి, చర్చి మెట్లు. రాకపోతే కోపం లేదు. నీ భాగం వేరుశనక్కాయలు నేనే తినేస్తాను.

జెసింతా


సత్తువాచ్చారి
2003 నవంబరు

శివాయ నమః

జెసింతాకు తొందరగా రాస్తున్నాను, పోస్టు డబ్బా తీసే వేళయింది.

నిన్న దీపం పెట్టుకున్న తర్వాత ప్రభాకరన్‌ను అడిగాను, "నాయనా, నాతో కొంచెం సేపు ఆడతావా?" అని. వాడు ఆశ్చర్యపోయాడు. అంగడి పెట్టాడే గాని వాడికి ఆడే తీరిక ఎప్పుడుంది? మోనిష నా కంప్యూటర్ పెట్టింది. పటం మీద నా స్టిక్కర్ అట్లాగే ఉంది.

"ఇదేంది మా, మ్యాపు మూసేసినావు? తీసేస్తా ఉండు."

"తీయొద్దు. దీపస్తంభానికి పో, చూద్దాం."

వాడు ఇట్లా పోయాడు, అట్లా పోయాడు, వంతెన ఎక్కి దిగాడు. మళ్లీ అక్కడికే వచ్చాడు. "రాత్రంతా ఇట్లే తిరగాల్నా?" అని విసుక్కున్నాడు. అప్పుడు నేను చెప్పాను. మంగలి అంగడి దగ్గర కుడికి, చేపల వాసన లేని చేపల మార్కెట్ దాటి, ఏటవాలు రోడ్డు ఎక్కి, పెట్రోలు బంకు వెనక సందు. దీపస్తంభం ఎదురుగా నిలబడింది.

వాడు నా వైపు తిరిగి, "నీకెట్ల తెలుసు మా ఇదంతా?" అన్నాడు.

"తప్పిపోయి తప్పిపోయి తెలిసింది నాయనా. నువ్వు తీసుకోనిపోయుంటే తెలిసుండదు."

వాడికి అర్థమైంది. మీటల మీదినుంచి చేతులు తీశాడు. తర్వాత, "ఇది ఆట మా. వేలూరులో లారీలుండాయి. మెయిన్ రోడ్డు చూసినావు గదా" అన్నాడు.

"చూసినాను. అందుకే పరిగెత్తను, నడుస్తా. చీకటి పడితే ఫోను చేస్తా. నువ్వు వెతకొద్దు. అది ఒక్కటే నేను అడిగేది. నేను రావడానికి ఎంతసేపైనా కానీ, నువ్వు వెతకొద్దు."

"అది నావల్ల కాదు మా."

"నీ వల్ల కాదని తెలుసు. అయినా అడుగుతుండా."

మోనిష వెనక నిలబడి, "ఉండండి, అత్తను పోనీండి. ఆ ఊర్లో పోలీసాయన్నే గుద్దినారు, ఈ ఊర్లో ఎవురు అడ్డమొస్తారు?" అంది. వాడు నవ్వలేదు. సరే అనలేదు. వద్దు అనీ అనలేదు. ఆ రెండింటి మధ్య ఉన్న చోటులో నేను శనివారం బయలుదేరతాను. వేరుశనక్కాయలు తినేయకు.

ఇందు


సత్తువాచ్చారి
2003 డిసెంబరు

శివాయ నమః

జెసింతాకు,

నువ్వు ఎక్కిన బస్సు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నావు. పక్క సీటు ఆయన ముక్కుకు తగులుతోందని నువ్వు చూసుకోలేదు. నువ్వు క్షేమంగా చేరినట్టు సామ్యుల్ ఫోను చేశాడు, ఆ సంగతిలో నిశ్చింత. మధ్యాహ్నం నేను కోటకు ఎట్లా వచ్చానో నువ్వు చూశావు, చర్చి మెట్ల మీద నన్ను చూసి నువ్వు లేచి నిలబడటమూ నేను చూశాను. నీ కళ్లలో నీళ్లు దుమ్ము వల్లనే అన్నావు, అట్లాగే కానీ. ఆకుపచ్చ గుడ్డ పిల్లలకు బాగుంటుంది. ప్రదోషం అయ్యేదాకా అగడ్త గోడ మీద గుడ్డల మూట కాపలా కాస్తూ కూర్చున్నావే, ఆ పుణ్యంలో సగం నీకే రాసేశాను, నీ లెక్కలో చెల్లుతుందో లేదో నాకు తెలియదు. నీ బస్సు పోయిన తర్వాత జరిగింది నీకు తెలియదు గనక అది రాస్తున్నాను.

టౌన్ బస్సు కిక్కిరిసి ఉంది. కండక్టరు "ఇరంగు, ఇరంగు" అని తమిళంలో అరిచాడు, దిగమని. అందరూ దిగుతుంటే నేనూ తోపులాటలో దిగిపోయాను. బస్సు పోయింది. అది మా స్టాపు కాదు. అదే సమయానికి కరెంటు పోయింది. వీధి వీధంతా నలుపు.

నేను చుట్టూ చూశాను. కొండ ఉత్తరాన నల్లగా కనిపిస్తోంది. మా ఇల్లు కొండకూ మెయిన్ రోడ్డుకూ మధ్య. లారీల చప్పుడు నా కుడి చేతి వైపు ఉండాలి. అంతవరకు తెలిసింది. ఏ వీధి అన్నది తెలియదు. ఒక మలుపు తిరిగాను, అది గోడతో అయిపోయింది. వెనక్కి వచ్చాను. ఒక ఇంట్లో ఎవరో పిల్లవాడికి తెలుగులో అన్నం పెడుతున్నారు, "నోరు తెరువు నాయనా, ఈ ముద్ద ఏనుగుది" అని. ఇక్కడ మనవాళ్లు ఉన్నారని నాకు ఇన్నాళ్లూ తెలియదు. ఆ గోడ పక్కన కొంచెం సేపు నిలబడ్డాను. తొందర అనిపించలేదు.

ఇంకొంచెం నడిస్తే కొవ్వొత్తి పెట్టుకుని ఒక ఎస్టీడీ బూత్. మాట ఇచ్చాను గదా, చీకటి పడితే ఫోను చేస్తానని. చేశాను. ఒక్క రింగుకే ఎత్తాడు.

"మా? యాడుండావు?"

"తెలీదు నాయనా. తప్పిపోయినాను. బాగానే ఉండాను. అన్నం వండేసింది గదా మోనిష, మీరు తినేయండి. నేను వస్తా."

వాడి ఊపిరి వినిపిస్తోంది. వెనక మోనిష ఏదో అంటోంది. స్కూటరు తాళంచెవులు బల్ల మీద పెట్టిన చప్పుడు కూడా వినిపించింది. చేతిలో పట్టుకునే ఉన్నాడన్నమాట.

"సరే మా," అన్నాడు. "నిదానంగా రా."

బూత్ అమ్మాయి నా మాటలు విన్నట్టుంది. "ఏ వీధి మా మీది? నేను చెప్తా దారి" అంది. మా వీధి పేరు నాకు తెలుసు జెసింతా, ఆ అమ్మాయికి చెప్పి ఉంటే ఐదు నిమిషాల్లో ఇంట్లో ఉండేదాన్ని. "వద్దులే తల్లీ, చూసుకుంటా" అన్నాను. ఇంకో మూడు వీధులు ఎక్కువ నడిచాను. ఒక వినాయకుడి గుడి కనిపించింది, చిన్నది, ఇంట్లో గూడు అంత. మా వీధికి రెండు వీధుల అవతలే. ఐదు నెలలుగా అక్కడే ఉన్నాడు ఆయన. పూజారి గుడి మూసి పోయాడు, కటకటాల బయట నిలబడి దండం పెట్టుకున్నాను. ఇకనుంచి రోజూ పొద్దున వస్తానని చెప్పాను.

ఇల్లు చేరేసరికి కరెంటు వచ్చింది. నేను భయపడింది ఒక్కటే, వాడు అంగడి మెట్ల మీద ముఖం పెట్టుకుని కూర్చుని ఉంటాడని. మెట్ల మీద ఎవరూ లేరు. పైకి పోయాను. వాడు వంటింట్లో చెయ్యి కడుక్కుంటున్నాడు. కంచం ఖాళీగా ఉంది. నాకోసం కాచుకోకుండా తినేశాడు.

"వచ్చినావా మా," అన్నాడు, రోజూ అన్నట్టే. "రసం బాగుండాది, వేడి చేసుకో."

వాడు కిందికి పోయిన తర్వాత మోనిష నా చెవిలో, "ఒక్క మెతుకు నమలలేదు అత్తా. అట్లే మింగేసినారు" అంది.

వాడి కంచం కడిగి బోర్లించి, నా కంచం పెట్టుకుని, నిదానంగా తిన్నాను.

నీ ఇందు